లోపల వదిలిన గుడ్డ

గుండుసూది పడితే కనబడాలి.
అంతేనండి నాక్కావలసింది.
ఇరవై రెండేళ్ళుగా ఈ మొజాయిక్ గచ్చు
నా సూదులు మింగుతూనే ఉంది.
నలుపూ తెలుపూ రాళ్ళ మధ్య దాచిపెట్టి
కొలతలకొచ్చినవాళ్ళ మడమలకి అప్పజెబుతుంది.

అమలాపురం షాపులో మీరావలి
పలకలు పేకముక్కల్లా పరిచాడు.
ఓక్, వాల్‌నట్, ఇంకేదో బూడిదరంగు.
ఏనాడూ నేను నీడన నిలబడని చెట్లు.
"టేకు లేదా?"
"ఉందండి. అదీ ఫోటోనే."
నవ్వొచ్చింది. పర్లేదు,
పట్టుకాని పట్టు మీద ఎన్ని జాకెట్లు కుట్టలేదు!
తొడుక్కున్నవాళ్ళకి చెమట మాత్రం
నిజంగానే పట్టింది.

పర్సులోంచి సూదులు తీసి
ఒక్కో పలక మీదా ఒకటి జారవిడిచాను.
వాల్‌నట్ మింగేసింది.
బూడిదరంగు తనే సూదిలా మెరిసింది.
ఎండు వరిగడ్డి రంగుదొకటి
ఇదిగో నీ సూది, అని చూపించింది.
అడుగు ఎంతో చెప్పాడు. గదంతా లెక్కేస్తే
మూడు వందల చీరల ఫాల్సు.

పరిచేవాడు యోహాను, మలికిపురం కుర్రాడు.
వచ్చీ రాగానే పరవలేదు.
గచ్చు మీద ప్లాస్టిక్ కాగితం వేసి
నాలుగంచులా టేపు అంటించి వెళ్ళిపోయాడు.
తెల్లారి చూస్తే, దాని అడుగున
ఇడ్లీపాత్ర మూతకి పట్టినట్టు
నీటిబొట్లు.
"ఆయ్, ఇది మీ ఇంటి తడి కాదండి,
కిందున్న గోదారిది."
నాకు తెలీదా! ఆ వరద గీత
మూడు రంగులేసినా గోడ మీద మిగిలే ఉంది.
ఒకసారి టేపు పెట్టి కొలిచాను.
పదిహేనున్నర.
సరిగ్గా సుభాషిణి టీచరు జాకెట్టు పొడవు.

అందుకని మిషను మేడెక్కింది.
ఇద్దరు మోశారు, ఒకరు తిట్టారు.
మోకాళ్ళ నొప్పుల అనంతమ్మగారి కొలతలు
ఇకమీదట మెట్ల మీదే.

అట్టపెట్టెలు రెండ్రోజులు
ఆ గదిలోనే పడుకోబెట్టాడు.
"గాలి పట్టాలండి."
లైనింగు తడిపి ఆరేయకుండా
నేను మాత్రం కత్తెర పెడతానా?
కిటికీలోంచి వెలుగెటు పడుతోందో చూసి
అటే నిలువుగా మొదలుపెట్టాడు.
గుడ్డకి నిలువు పోగు చూసినట్టే.
నాలుక గాడిలోకి, చిన్న దెబ్బ, టప్.
దారం లేని కుట్టు.
ఏడో పలక దగ్గర నేనే ఆపాను.
"బాబూ, ఆ కణుపు ఇందాకే వచ్చింది. ప్రింటు రిపీటు."
నావైపు వింతగా చూసి, పలక మార్చాడు.
గుమ్మం దగ్గర మళ్ళీ వచ్చింది. ఊరుకున్నాను.

గోడవారన మేకుల్లాంటి ముక్కలు దోపి
చుట్టూ సందు వదులుతున్నాడు, వేలి మందాన.
"ఆనించెయ్యచ్చు కదా, నీటుగా ఉంటుంది."
"ఆనించకూడదండి.
వానాకాలం ఒళ్ళు చేస్తుంది."

ఆ మాట నాకు చెప్పాలా!
ఈ వీధిలో నా చేతి జాకెట్టు లేని బీరువా లేదు.
ప్రతిదానికీ పక్కన, లోపల,
ఎవరికీ కనబడని గుడ్డ మడిచి వదిలాను.
కాన్పయ్యాక ఒకరు, ఉద్యోగమొచ్చాక ఒకరు,
మందులు మొదలుపెట్టాక ఒకరు
సిగ్గుపడుతూ సంచీలో తెచ్చేవారు.
కుట్టు విప్పేదాన్ని, అంతే.
ఒళ్ళు ఏమన్నా నేరమా?

సందు మీద స్కర్టింగు వచ్చింది.
గది ఎంత నున్నగా ఉందంటే
చెప్పులు బయటే ఆగిపోయాయి.

ఆషాఢంలో తొలి వాన.
కరెంటు పోయింది. హుక్కులు కుడుతూ కూర్చున్నాను.
మూల నుంచి ఎక్కడో
ఒక పలక చిన్నగా 'టిక్' అంది.
సూది ఆపి విన్నాను.
మళ్ళీ టిక్.
ఒళ్ళు చేస్తోంది కాబోలు.
చెయ్యనీ.
లోపల గుడ్డ ఉంది.